అవ్వకని తెచ్చిన నాగలింగం పువ్వు

మా చిన్నప్పుడు... పుంగనూరులో మా ఇంట్లో కన్ను తెరిస్తే ముందు కనకాంబరాల కుప్ప కనబడేది, ఆ తర్వాతే మనుషులు. మా అవ్వ పూలు కట్టి అమ్మేది. తాత పోయినాక మాత్రం ఒక్క పువ్వూ తలలో పెట్టుకోలేదు. ఊరంతటికీ మూరలు కొలిచి ఇచ్చే మనిషికి తనదంటూ ఒక పువ్వు లేదు... ఆ సంగతి తలుచుకుంటే నాకు ఎంత కోపమో!

"నీకూ ఒక పువ్వు తెస్తా అవ్వా" అంటే నవ్వేది. "నాకు యాల మే పూలు? పెట్టుకునేదానికా?"

ఒక ఎండాకాలం మా నాయన నన్ను హార్సిలీ కొండకి తీసుకుపోయాడు. అక్కడి పార్కులో ఒక చెట్టు... పూలు కొమ్మలకి కాదు, మొదలుకే పూసి ఉన్నాయి! మందపాటి ఎర్రటి రేకులు, మధ్యలో పడగ, పడగ కింద బుల్లి లింగం. నాగలింగం పువ్వు అన్నాడు నాయన. ఇది తలలో పెట్టుకునేది కాదు, అమ్మేదీ కాదు... అయితే మా అవ్వదే! కింద రాలినవాటిలో మంచిది ఏరి టిఫిన్ డబ్బాలో దాచుకున్నా.

ఇక చూడండి నా అవస్థ. బస్సు కొండ దిగుతుంటే ప్రతి మలుపుకీ డబ్బాని ఒళ్ళోకి అదుముకోవడం... వాడిపోయిందేమోనని మూత తీయడం, గాలి తగులుతుందేమోనని మూయడం. మదనపల్లిలో బస్సు మారాం. ఆ డ్రైవరేమో టీకి పోయి ఎంతకీ రాడే! నాకు కాళ్ళు నిలవలేదు.

అంతలో పక్క సీటామె వాసన పట్టేసింది. "ఏంది పాపా డబ్బాలో? సూడనీ..." చూపించా. కళ్ళకద్దుకుని, "ఒక్క రేకియ్యమ్మా, దేవునికాడ పెట్టుకుంటా" అంది. ఆమెకిస్తే వెనకామె ఊరుకుంటుందా? కండక్టరు కూడా చెయ్యి చాపాడు, ఆ వెనక ఇంకొందరు. దేవుడి పేరు చెప్పి అడిగితే కాదనేదెట్లా... ఏడుపు దిగమింగుకుంటూ ఇచ్చా.

పుంగనూరులో దిగేసరికి పడగా, లింగమే మిగిలాయి. డబ్బా అవ్వ ముందు పెట్టి భోరుమన్నా. పూలు కట్టే చెయ్యి కదా, ముందు తిప్పి చూసింది. "కాడే లేదే దీనికి... యాడ కట్టేది?"

"కట్టొద్దవ్వా. నీకే ఇది."

"నాకా..." అంది. వాసన చూసి, కొంగున ముడేసుకుంది. అది ఎండి పొడైనా చాన్నాళ్ళు ఆ ముడి విప్పలేదు.

మొన్న మా ఆయన, పాపతో కలిసి మేముండే కుప్పం నుంచి అదే కొండకి వెళ్ళాం. చెట్టు ఉంది. ఇప్పుడు పేరు రాసి బోర్డు కూడా పెట్టారు. పాప ఫొటో తీసుకుని పరిగెత్తింది. నేను మాత్రం రాలిన పువ్వొకటి డబ్బాలో పెట్టుకున్నా... ఎందుకంటే ఏం చెప్పను?

తిరుగుదారిలో కారు మదనపల్లి దాటింది మొదలు నాకు ఒకటే గాబరా. పుంగనూరులో మా పాత వీధి మలుపు రాగానే డబ్బా గట్టిగా పట్టుకున్నా. "ఆపేదా?" అన్నాడు మా ఆయన. "ఎవరుండారని... పోనీ" అన్నా.

కుప్పం చేరాక మూత తీశా. ఒక్క రేకూ రాలలేదు... తీసుకునేందుకు మా అవ్వే లేదు.

మీరూ ఎవరికోసమైనా ఇట్లా ఒక పువ్వు మోసుకుపోయారా? వాళ్ళ చేతికి చేరిందా... చెప్పండి, వినాలని ఉంది.