నాయనకు కుడిపక్క

రేణిగుంట నుంచి తిరుపతికి పోయే రోడ్డు అప్పట్లో ఒక బస్సు పట్టేంత వెడల్పే ఉండేది. నడుమ తారు, రెండు పక్కలా గరుసు మన్ను. తారు అంచు మట్టి కన్నా బెత్తెడు ఎత్తు. వెనక నుంచి బండి వచ్చిందంటే సైకిలు మీద పోయేవాళ్ళు ఆ అంచు దిగి మట్టిలోకి పోవాల్సిందే. లారీ దిగదు, బస్సు అసలే దిగదు. పుస్తకాల్లో ఏ చట్టాలు రాసుకున్నారో గానీ ఆ రోడ్డు మీద నడిచే చట్టం హారనొక్కటే. అది మోగితే దిగు అని అర్థం.

డెబ్బయ్యో దశకం చివర్లో నాకు పదిహేడేళ్ళు. తిరుపతిలో కాలేజీకి సైకిలు మీద పోయేదాన్ని. నాయన మా తోటలో కోసిన మల్లెలు, కనకాంబరాలు రెండు గంపల్లో సర్ది, సైకిలు వెనక కట్టుకుని తిరుచానూరులో పూలంగళ్ళకు వేసేవాడు. తిరుచానూరు దారి చీలేదాకా మా ఇద్దరిదీ ఒకే రోడ్డు. అయితే ఆయన తెల్లారగానే పోయేవాడు, నేను ఎనిమిదికి బయల్దేరేదాన్ని.

నాకు సైకిలు నేర్పింది ఆయనే. నేర్పడం కన్నా తిట్టడమే ఎక్కువ. ఎడమ అంచు వదిలితే తిట్టు. మట్టిలోంచి తారు మీదికి ఏటవాలుగా ఎక్కిస్తే తిట్టు, చక్రం జారి లారీ కింద పడతావని. ఇద్దరు పక్కపక్కన తొక్కుతూ కబుర్లు చెప్పుకుంటూ పోతుంటే చూసి ఆయనకు ఒళ్ళు మండేది. రోడ్డు వాళ్ళ అత్తగారిల్లా అనేవాడు. ఇద్దరుంటే ఒకరి వెనక ఒకరు పోవాలి, అంతే. పాతికేళ్ళుగా ఆ దారిలో పూలు మోసిన మనిషి, ఒక్క రోజు కూడా కింద పడలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పుకునేవాడు.

పరీక్షలని ఒక రోజు పొద్దున్నే ఆయన వెనకే బయల్దేరాను. మద్రాసు నుంచి కొండకు వచ్చే యాత్రికుల బస్సు ఒకటి దూరం నుంచే హారన్ కొట్టింది. నేను దిగేశాను. నాయన దిగలేదు. మళ్ళీ కొట్టింది, మళ్ళీ కొట్టింది. ఆయన తీరుబడిగా తొక్కుకుంటూ పోతున్నాడు. చివరికి బస్సే కుడి చక్రాలు మట్టిలోకి దించి, ఆయన్ను జానెడు దూరంలో దాటింది. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి, చెవుడా అని అరవంలో తిట్టాడు. మా పక్క అరవం ఎవరూ ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

నాయన సైకిలు ఆపి, హారన్ కొట్టకుండా మీదికొస్తారు దొంగనాయాళ్ళు అన్నాడు.

ఇంట్లో అమ్మ పిలిస్తే ఆయన పలక్కపోవడం అప్పటికే ఏడాదిగా ఉంది. పెళ్ళాం పిలిస్తే ఏ మొగుడికి వినపడిందిలే అని అమ్మ నవ్వేది, మేమూ నవ్వేవాళ్ళం. ఆ రోజు ఆ నవ్వులన్నీ గుర్తొచ్చాయి. పెద్దాసుపత్రిలో చెవి చూపించుకోమని ఒక మాట అనబోతే, నన్ను ముసలోణ్ణి చేస్తున్నావా అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మకు చెబితే సైకిలు మూల పడేయిస్తుంది. ఆ సైకిలు లేకపోతే నాయన నాయనగా మిగలడు, నాకు తెలుసు.

అందుకని అబద్ధం చెప్పాను. దారిలో పోకిరి పిల్లగాళ్ళు వెంటపడుతున్నారు, తోడు రమ్మన్నాను. ఆయన మీసం మీద చెయ్యి వేసుకుని, ఎవడొస్తాడో చూస్తా అన్నాడు. మరుసటి రోజు నుంచి నేనూ తెల్లవారే బయల్దేరాను. నన్ను కాపాడుతున్నానని ఆయన అనుకున్నాడు.

నేను ఆయన వెనక పోలేదు. పక్కన, కుడివైపు, బస్సులు వచ్చే వైపు తొక్కేదాన్ని. వెనక హారన్ వినపడగానే ఎడమకు ఒత్తిగిలేదాన్ని. తగలకుండా తప్పుకోవడానికి ఆయన మట్టిలోకి దిగేవాడు, దిగి తిట్టేవాడు. కాలేజీకి పోయి ఉన్న తెలివి పోగొట్టుకున్నావన్నాడు. వారం పోయాక, నీకు సైకిలు నేర్పినందుకు నన్ను చెప్పుతో కొట్టాలన్నాడు. నాకూ కోపం తక్కువేం కాదు. ఒకటి రెండు సార్లు నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టుకుని ఊరుకున్నాను. రాత్రి పడుకుంటే కలలో కూడా హారన్లే.

నెల తిరక్కముందే ఆ రోజు రానే వచ్చింది. ముందర చిన్న కల్వర్టు, రెండు పక్కలా గోడ. గోడ మొదలైతే ఇక దిగడానికి మట్టి ఉండదు. ఎదురుగా చెరకు లారీ వస్తోంది. దానికన్నా ముందే కల్వర్టు దాటాలని వెనక నుంచి బస్సు హారన్ వదలకుండా కొడుతోంది. నేను ఎడమకు ఒత్తిగిలాను. నాయన దిగలేదు. ఆ రోజు పంతం పట్టాడు. నేను దిగను, నువ్వే సరిగ్గా తొక్కు అని ముందుకే చూస్తున్నాడు. గోడ పది గజాల్లో ఉంది. దిగు నాయనా అని అరిచాను. ఎవరికి అరిచాను?

ఆయన గంప మీద చెయ్యి వేసి, ఉన్న బలమంతా పెట్టి తోశాను.

ఇద్దరం మట్టిలో పడ్డాం. బస్సు గాలి నా పావడాను ఎగరగొట్టుకుంటూ పోయింది. గంపలు తిరగబడి పూలన్నీ గరుసులో పడ్డాయి. నాయన మోచెయ్యి చీరుకుపోయింది. లేచి, నన్ను కొట్టడానికి చెయ్యెత్తాడు. అప్పుడు చూశాడు బస్సును, దుమ్మును, వెనక మెట్ల మీద నిలబడి మమ్మల్ని చూస్తూ రేకు మీద దబదబా బాదుతున్న క్లీనరును. వాడు నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. నాయన వాడి నోటివైపే చూస్తూ నిలబడ్డాడు. ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది.

బస్సు కల్వర్టు దాటిపోయాక అడిగాడు, "ఎన్నిసార్లు కొట్టినాడు పాపా హారను?"

"కొడతానే ఉండినాడు నాయనా."

నాయన వంగి గంపలు ఎత్తాడు. నేల మీద పడిన పూలు అమ్మవారికి పనికిరావు కాబట్టి వాటిని ముట్టుకోలేదు. ఖాళీ గంపలు కట్టుకుని, నా హ్యాండిలు వంకర సరిచేసి, కాలేజీకి పొమ్మని నన్ను పంపించాడు. దారంతా ఏడ్చుకుంటూ తొక్కాను. సాయంత్రం మోచేతికేమైందని అమ్మ అడిగితే కల్వర్టు దగ్గర జారిందన్నాడు.

మర్నాడు తెల్లారి గంపలు కట్టుకుని వాకిట్లో నాకోసం కాచుకుని ఉన్నాడు. నా ముఖంవైపు చూడకుండా అన్నాడు.

"ముందర నువ్వు పో. నువ్వు దిగితే నేను దిగుతా."

నేను ముందు పోయాను. మైలు దాటకముందే వెనక హారన్ వినపడింది. దిగేశాను. వెనక్కి తిరిగి చూస్తే సైకిలు అటే లాగుతుంది, చూడలేను. ఆయన నన్ను చూశాడో లేదో తెలియదు. హారన్ దగ్గరకొస్తోంది. నా వెనక గరుసు మీద ఆయన చక్రం చప్పుడు కోసం, ఊపిరి బిగబట్టి వింటూ తొక్కాను.