మా కోటకు ఎంతమంది

మాది చెన్నప్ప నాయనివారి వంశం. కుందేరు ఒడ్డున పదకొండు ఊళ్లకు ఆయన పాలెగాడు. ఆయన కొడుకు ఓబళ నాయనివారు గుర్రమెక్కి వస్తుంటే ఎదురొచ్చే బండ్లు బాట దిగి నిలబడేవట. ఓబళ నాయనివారి మనుమడి కాలానికి కుంఫిణీ దొరలు కోటలోని ఫిరంగులు ఎత్తుకుపోయి, నెల నెలా భరణం ఏర్పాటు చేశారు. తరువాతి తరాల్లో భరణం పోయి మునసబు పని మిగిలింది. మా నాయన తరానికి మునసబు పని కూడా పోయి వెండి పిడి ఉన్న చేతికర్ర మిగిలింది. నా వంతుకు నిటారుగా కూర్చునే అలవాటు వచ్చింది. కోయిలకుంట్ల హైస్కూల్లో ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అన్నేళ్లలో నేను కుర్చీకి వీపు ఆనించగా చూసినవాళ్లు లేరు. ఇదంతా గొప్పకు చెప్పడం లేదు. పోయిన వారం డోన్ నుంచి మా బామ్మర్ది ఫోన్ చేసి అడిగిన మాటకు జవాబు చెప్పాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఇరవై ఏళ్ల కిందట అతను తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టిన కంప్యూటర్ ఆటను ఏ దేశంలోనో ఒకాయన ఇప్పటికీ ఆడుతున్నాడట. మీ ఆటలో కోటలన్నీ బాగున్నాయి, నది పక్కన ఉన్న ఒక్క కోటకే బలం మరీ తక్కువ పెట్టారు, అంకె వేయడంలో పొరపాటు పడ్డారా అని ఆయన రాశాడట. "ఏం రాయమంటావు బావా?" అని బామ్మర్ది నవ్వాడు. పొరపాటు కాదని రాయమన్నాను. ఆ అంకె వేయించింది నేనే.

రెండు వేల అయిదు ప్రాంతంలో మా బామ్మర్దికి డోన్ స్టేషన్ రోడ్డులో ఇంటర్నెట్ సెంటరు ఉండేది. ఎనిమిది కంప్యూటర్లు, ఒక ప్రింటరు, మట్టి కుండలో నీళ్లు. రైలుబండి మారడానికి దిగినవాళ్లు వచ్చి పరీక్ష ఫలితాలు చూసుకునేవారు, అప్లికేషన్లు నింపించుకునేవారు. బండికీ బండికీ మధ్య దొరికే ఖాళీలో అతను ఒక ఆటను విప్పుతూ కూర్చునేవాడు. అది ఏదో తెల్లవాళ్ల దేశపు కోటల ఆట. ఊరు కట్టాలి, పంట తీయాలి, సైన్యం పెంచాలి, పక్కవాడు మీదికి వస్తే కాచుకోవాలి. అలాంటి ఆట లోపలి బొమ్మలూ అంకెలూ మార్చి, పాత కోటును విప్పి చొక్కా కుట్టినట్టు కొత్త ఆట చేయడాన్ని మాడ్ అంటారని అతనే చెప్పాడు. గోధుమలు తీసి జొన్నలు పెట్టాడు. ద్రాక్షతోటలు తీసి గొర్రెల దొడ్లు పెట్టాడు. రాజులందరికీ తలపాగాలు చుట్టాడు. మంచును మాత్రం ఎంతకూ తీయలేకపోయాడు. దానివల్ల మొదట్లో ఏటా మూడు నెలలు కోయిలకుంట్ల మీద మంచు కురిసేది, తలపాగాల పాలెగాళ్లు అందులో మోకాటి లోతున నడిచేవారు. చివరకు ఆ తెలుపుకు ఎర్రదుమ్ము రంగు పూసి, ఎండాకాలం అని పేరు పెట్టి గండం గట్టెక్కాడు.

ఆ ఏడు వేసవి సెలవుల్లో నా భార్యను పుట్టింట్లో దింపడానికి డోన్ వెళ్లాను. అత్తగారింట్లో మూడు రోజులకు మించి ఉండకూడదని మా ఇంటి నియమం. రెండో రోజు పొద్దున ఉగ్గాని, బజ్జీలు తిన్నాక బామ్మర్ది నన్ను సెంటరుకు తీసుకెళ్లి, "మీ కోట గూడా పెట్టినా, సూడు బావా" అని తెర చూపించాడు. చూసి సంతోషపడ్డాను. బురుజులు నాలుగూ సరిగ్గా ఉన్నాయి. కింద కోట చరిత్ర అని రెండు వరుసలు, అందులో 'ఐదు వందల మంది సైన్యం' అని ఉంది. ఆ మాట నా పెళ్లిలో మా నాయన వాళ్ల నాయనకు చెప్పిందే. దాని కింద నాలుగు బొత్తాలు: చెరువు, సంత, సైన్యం, దోపిడీ.

"నాలుగోదేమిటి?" అన్నాను.

"ధాన్యం అయిపోతే పక్కూరి మీద పడి ఎత్తుకొచ్చేది. పాలెగాళ్లకందరికీ పెట్టినా."

"మా వాళ్లు ఎవరి గింజా ముట్టలేదు."

"మరి ఐదు నూర్ల మందికి కూడు యాడిది బావా? దుడ్లు యాడివి? నీది లెక్కల సబ్జెక్టే గదా, నువ్వే చెప్పు."

సెంటర్లో ఫలితాల కోసం వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు మా వైపు తిరిగారు. నేను మరింత నిటారుగా కూర్చున్నాను. దోపిడీ బొత్తాం మా కోట కింద నుంచి తీసేయమన్నాను. బామ్మర్ది మెత్తటి మనిషే గాని ఆట విషయంలో కాదు. ఆ బొత్తాం ముట్టకుండా ఇరవై ఏళ్లు కోటను నిలబెట్టి చూపిస్తే తీసేస్తానన్నాడు. నిలబెట్టలేకపోతే మా వంశం పేరుతోనే, ఆ బొత్తాంతోనే, ఆటను లోకం మీదికి వదులుతానన్నాడు. ఆటలో ఏడాది అంటే మన లెక్కలో గంట. సరే అన్నాను. మూడు రోజుల నియమం ఆ పూటతో పోయింది.

మర్నాటి నుంచి తొమ్మిది గంటలకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బడికి పోయినట్టు సెంటరుకు పోయాను. మొదట ఐదు వందల మందిని పెట్టాను. సైనికుడికి నెలకు ఒక మూట జొన్నలు, రెండు నాణేలు. రెండో ఏడాదికే గాదెలు ఖాళీ. 'జనం వలస పోతున్నారు' అని తెర మీద అక్షరాలు వచ్చాయి. సాలెవాళ్లు మగ్గాలు బండ్లకెత్తుకుని పోయారు, సంత మూతపడింది. చివరకు ఐదు వందల మంది ఒక ఖాళీ ఊరిని కాపలా కాస్తూ మిగిలారు, కూలి అందక వాళ్లూ పోయారు. రెండోసారి సైన్యం సంగతి పక్కన పెట్టి చెరువు తవ్వించాను, సంత పెట్టించాను, మగ్గాలు వేయించాను. ఊరు కళకళలాడుతుండగా మూడో ఏడు పక్క పాలెగాడు వచ్చి చెరువుకట్ట తెగ్గొట్టాడు. ఆపడానికి నా దగ్గర ఇరవై మంది ఉన్నారు. మూడోసారి సగం సగం చేశాను. ఏడో ఏట కరువొచ్చి అదీ కూలింది. నోటు పుస్తకంలో ఒకవైపు ఊరు, ఒకవైపు సైన్యం గీసి ఏ నెల ఎంత పెంచితే ఎంత తగ్గుతుందో సమీకరణాలు కట్టాను. పదో తరగతి పిల్లలకు ఇరవై ఏళ్లుగా నేర్పుతున్న విద్య నా కోటకు పనికిరాలేదు. పదకొండుసార్లు కూలింది.

ఇంట్లో నా భార్య ఊరుకోలేదు. మధ్యాహ్నం రొట్టెలు వడ్డిస్తూ తమ్ముడితో, "ఇంట్లో బిందె ఎత్తి ఎరగని మనిషి, ఆడ చెరువులు తవ్విస్తాండాడంట గదరా" అంది. "తవ్విస్తాండాడు గాని నిలబళ్లేదక్కా" అన్నాడు అతను. మా మామగారు నవ్వు ఆపుకోవడానికి మజ్జిగ తాగారు. నేను రెండో రొట్టె వద్దని లేచాను. ఆకలి మాత్రం ఉంది.

పంచాయతీ పని మీద మా ఊరికి ఒకపూట పోవలసి వచ్చింది. ఊళ్లో ఒక ఇంటిని కట్టుబడోళ్ల ఇల్లు అంటారు. అది ఇంటిపేరని అనుకునేవాణ్ణి. ఆ ఇంటి పెద్దాయన అరుగు మీద కూర్చుని గొర్రె కాలి ముల్లు తీస్తున్నాడు. వాళ్ల పూర్వీకులు మా కోటలో పనిచేశారని ఎవరో అనగా విన్న గుర్తు. నా ఓటముల బరువుతో ఉన్నానేమో, నిలబడే అడిగాను.

"మీ వాళ్లకు మా వాళ్లు జీతం ఎంత ఇచ్చేవాళ్లు పెద్దాయనా?"

"జీతమేందప్పా? చేను ఇచ్చినారు. మడక దున్నుకునేది, నగారా ఇనపడితే మడక ఇడిసి కత్తి పట్టేది. దాన్నే గదా కట్టుబడి అనేది."

"విత్తే కాలంలో నగారా కొడితే?"

ఆయన ముల్లు తీయడం ఆపి నా మొహం చూశాడు. "అప్పుడు కొట్టినోడు మర్సటేడు ఏం తింటాడప్పా? అయ్యవారివి, నీకు తెలీదా?"

"ఎంతమంది ఉండేవాళ్లు?"

"శానామంది అంటారు. చేలు ఎన్నుంటే అంతమందే ఉంటారు గదా."

నేను ఇంటికి కూడా పోకుండా డోన్ బస్సెక్కాను. నా లెక్కలో తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. ఊరు ఒకవైపు, సైన్యం ఒకవైపు అని గీత గీసి ఇద్దరి మధ్య గింజలు పంచుతూ వచ్చాను. మా వాళ్ల కాలంలో ఆ గీతే లేదు. దున్నేవాడూ కాచేవాడూ ఒక్కడే. బామ్మర్దికి చెప్పగానే అతను కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆటలో ఈ లెక్కకు సరిపడే కొత్త మనిషిని పుట్టించడానికి అతనికి నాలుగు రోజులు పట్టింది. కట్టుబడి బంటు: జీతం లేదు, ఒక చేను ఉంటుంది, విత్తనాలప్పుడూ కోతలప్పుడూ పిలిస్తే ఆ ఏడు పంట పోతుంది, జీతగాళ్లలా కరువులో పారిపోడు, ఎందుకంటే చేను వదిలి ఎక్కడికి పోతాడు. ఆ నాలుగు రోజులూ సెంటరుకు వచ్చినవాళ్ల అప్లికేషన్లు నేనే నింపాను. నా దస్తూరీ బాగుంటుందని పేరు కూడా వచ్చింది.

మా కోట చుట్టూ పటంలో ఉన్న నల్లరేగడిని చేలుగా పంచితే అరవై వచ్చాయి. ఎన్నిసార్లు పంచినా అరవయ్యే. అరవై మందితో పన్నెండోసారి మొదలుపెట్టాను. చెరువు ముందు, బురుజులు తరువాత, సంత ఆ తరువాత. పక్క పాలెగాడు వచ్చినప్పుడు కోతలు అయ్యేదాకా తలుపులు మూసుకుని, గడ్డివాములు కాలిపోతుంటే చూస్తూ ఓర్చుకుని, ఆఖరి కంకి కల్లం చేరాక నగారా కొట్టించాను. ఓర్చుకోవడం మా వంశంలో ఎవరికీ లేని విద్య, నేను ఆ సెంటర్లో నేర్చుకున్నాను. పదిహేడో ఏట వానలు లేవు. చెరువు అడుగు కనబడింది. గాదెలో రెండు నెలల జొన్నలున్నాయి, వానకు ఐదు నెలలుంది. పక్కనే నిండుగా ఒక ఊరు, కాపలా లేని ఊరు. బామ్మర్ది నా వెనక నిలబడి ఉన్నాడు.

"నొక్కు బావా. ఒక్కసారే. నేను సూళ్లేదనుకో."

ఆ మాట అతను ఎగతాళికి అనలేదు. నలభై రోజులుగా నన్ను చూసి అతనికే జాలి కలిగినట్టుంది. నేను మగ్గాలు ఆపాను, గుర్రాలు అమ్మాను, సంత పన్ను తీసేశాను, కోటలోని ధాన్యం పాతరలన్నీ తెరిపించాను. ముప్పై ఇళ్లవాళ్లు వలస పోయారు. కట్టుబడి అరవై మందిలో ఒక్కడూ కదల్లేదు. ఆరో నెల మొదట్లో తెర మీద వాన పడింది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ వానను చూస్తూ కూర్చున్నాను. మిగిలిన మూడేళ్లూ నడిచాయి, ఇరవై నిండాయి.

బామ్మర్ది మాట మీద నిలబడ్డాడు. నా కళ్లెదుటే బొత్తాం తీసేశాడు. తరువాత కోట చరిత్ర మీద వేలు పెట్టాడు.

"ఈడ ఐదు నూర్లు అని ఉండాది బావా. అది ఉంటే దోపిడీ ఉండాల. దోపిడీ లేకుంటే అరవై అని రాయాల. రెండూ కుదరవు. ఏది పెట్టమంటావు?"

ఐదు వందలు నా మాట కాదు, మా నాయన మాట. పెళ్లిళ్లలో, పంచాయతీల్లో, కోర్టు మెట్ల మీద ఆయన ఆ అంకెను ఆనుకుని నిలబడ్డాడు. మర్నాడు ఊరికి పోయాను. మా నాయన వసారాలో కూర్చుని చేతికర్ర పిడి తుడుచుకుంటున్నాడు. ఆటంటే ఏమిటో చెప్పడానికే గంట పట్టింది. కట్టుబడి చేలు, నగారా, అరవై అన్నీ చెప్పి, ఏది రాయించమంటారని అడిగాను. కోప్పడతాడని సిద్ధపడి నిలబడ్డాను.

ఆయన కర్రను ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. "మా జేజినాయన నూరు మంది అంటాండె" అన్నాడు. "మా నాయన రెండు నూర్లు అన్యాడు. నీ పెండ్లినాడు మీ మామ ఇంట్లో రైల్వే ఆఫీసర్లు శానామంది కూసోని ఉండిరి. ఐదు నూర్లు నేనే అంటి." తుడిచే గుడ్డ మడిచి పక్కన పెట్టి, "దొంగోళ్లమనిపించుకునేదానికంటే కొంచెం మందిమి అనిపించుకుంటే ఏంపోయె. అరవయ్యే రాయించు" అన్నాడు.

డోన్‌కు ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. బామ్మర్ది ఈసారి ఎగతాళి చేయలేదు. ఆ అంకెతో ఆట బయటికి పోయింది. లోకంలో ఎవరెవరో మా కోటను ఎంచుకుని, బలం తక్కువని విసుక్కుని, వేరే కోటకు పోయి ఉంటారు. పోనీ. తరాలు గడిచేకొద్దీ గొప్పలు పెరగడమే నేను చూశాను. కాలం ఒక్కసారి వెనక్కి నడిచి ఒక అంకెను తగ్గించడం మా వసారాలో మాత్రమే చూశాను.

రెండేళ్ల తరువాత నంద్యాల నుంచి ఒకాయన కూలిపోయిన మా కోట దిబ్బ కొనే బేరానికి వచ్చాడు. కొలతలయ్యాక, ఇక్కడ ఎంత సైన్యం ఉండేదని మాట వరసకు అడిగాడు. మా నాయన కర్ర మీద ఆనుకుని, తడుముకోకుండా, అరవై మంది అన్నాడు. బురుజు రాళ్లతో సహా ఏడెకరాల దిబ్బను ఆయనకే అమ్మేశాము.