మూత మీద బంగారు బిళ్ళ

ఆ ఫ్యాక్టరీలో ఆమెను అందరూ మూతలమ్మ అనేవారు. మొహం మీద అంటే నవ్వేది, వెనకాల అన్నారని తెలిస్తే మాత్రం ఊరుకునేది కాదు. రసాయనశాస్త్రం చదివి, చివరికి సీసా మూతల దగ్గర స్థిరపడింది. బస్సులో పక్కవాళ్ళ చేతిలో నీళ్ళ సీసా కనబడితే చాలు, అడిగి తీసుకుని మూత విప్పి, మరలు చూసి తిరిగి ఇచ్చేది. దాహమేమోనని వాళ్ళు తాగమని బతిమాలేవారు.

ఫ్యాక్టరీ అక్క మొగుడిది. అక్కడ తయారయ్యేది బట్టల మరకలు పోగొట్టే బ్లీచ్. దానితో చిక్కల్లా ఒకటే. సీసాలో పోసి మూత బిగించాక కూడా అది కుదురుగా ఉండదు, కొంచెం కొంచెంగా గాలి వదులుతూనే ఉంటుంది. గట్టిగా మూస్తే సీసా ఉబ్బుతుంది, వదులుగా మూస్తే కారుతుంది. ఈ రెండూ జరగని మూత కోసం మూతలమ్మ నెలల తరబడి తల బద్దలుకొట్టుకుంది. ఆఖరికి మూత నడినెత్తిన గుండుసూది పట్టేంత చిల్లు పెట్టి, దాని లోపలివైపు గాలిని పోనిచ్చి తడిని ఆపే పల్చటి పొర అతికించింది. తలకిందులు చేస్తే చుక్క రాలలేదు. ఎండలో పెడితే ఉబ్బలేదు.

అప్పటికి ఆమెకు నెలలు నిండాయి. "హాయిగా పురుడు పోసుకుని రామ్మా. నీ మూత ఎక్కడికీ పోదు," అన్నాడు బావ.

పోయింది. పాపకు మెడ నిలిచేసరికి బావ ఆ మూతను తనే కనిపెట్టానని చెప్పుకుని, పరిశ్రమల సంఘం నుంచి బహుమతి కూడా పుచ్చుకున్నాడు. పైగా ఆ ఫొటో ఆమెకే పంపాడు, కింద "మన మూత!" అని రాసి. మనదట! పాపకు పాలు పడుతూ ఆ ఫొటో చూసి ఆమె పళ్ళు నూరిన చప్పుడుకి పాప ఉలిక్కిపడింది.

అక్కతో చెప్పుకుంది. "ఇంట్లోవాళ్ళ మధ్య నీదీ నాదీ ఏమిటే? పిల్లని నేను చూసుకుంటాను, నువ్వు పనిలోకి వెళ్ళు," అంది అక్క. ఆ మాటతో మూతలమ్మ నోరు కట్టేసినట్టయింది. పిల్ల పగలంతా ఉండేది అక్క ఇంట్లోనే మరి.

ఆమె మళ్ళీ పనిలో చేరిన కొత్తలోనే బావ ఒక మూత తెచ్చి బల్ల మీద పెట్టాడు. "నెత్తి మీద ఆ చిల్లు దరిద్రంగా ఉందమ్మా. ఎలా కప్పానో చూడు!" చిల్లు మీద బిళ్ళలా గుండ్రటి బంగారు రంగు స్టిక్కర్, దాని మీద కంపెనీ గుర్తు. "ఎలా ఉంది?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"చాలా బాగుంది బావగారూ. మీ మూత కదా, మీకు తెలియనిదేముంది," అంది.

సరుకు లారీ ఎక్కే రోజున డీలర్లు వస్తారని తెలిసి, సీసాలను ముందుగదిలో అద్దాల కిటికీ దగ్గర గోపురంలా పేర్చింది. "ఎండ పడితే మీ బంగారం తళతళలాడుతుంది బావగారూ," అంటే ఆయన మురిసిపోయాడు. ఆమె లెక్క వేరు. ఎండకు సీసాలు ఉబ్బుతాయి, అడుగులు గుండ్రంగా తేలతాయి, గోపురం డీలర్ల కళ్ళెదుటే కూలుతుంది. ఒక్క సీసా కూడా పాకే పిల్లలున్న ఇళ్ళకు చేరక ముందే, అటు లారీ ఆగుతుంది, ఇటు బావ పరువు పోతుంది.

తీరా చూస్తే మబ్బు పట్టింది. డీలర్లు వచ్చి కూర్చునేసరికి సీసాలు బిగిశాయే తప్ప గోపురం కదల్లేదు. బయట లారీకి పెట్టెలు ఎక్కిస్తున్నారు. ఇప్పుడు చెబితే లారీతో పాటు బావ కూడా ఒడ్డున పడతాడు, ఆ తప్పు పట్టుకున్నదీ నేనే అంటాడు. ఇంకొక్క పెట్టె ఎక్కనీ, అప్పుడు చెబుదాం అనుకుంది. ఆ తర్వాత ఇంకొకటి అనుకుంది.

అంతలో ఆ సందడి చూడవచ్చిన అక్క, అంచున ఉన్న సీసా తీసి సంచిలో వేసుకుంది. "ఇదొకటి పట్టుకెళ్తానే. నీ కూతురు నా కొత్త దుప్పటి మీద మందు కక్కింది."

మూతలమ్మ చటుక్కున సంచిలోంచి సీసా లాక్కుంది. దాని పక్కలు డోలులా బిగిసి ఉన్నాయి.

"బావగారూ! మొదటి మూత మీ చేత్తోనే తెరవాలి. ఫొటో తీయిద్దాం."

ఆయన కళ్ళకు రక్షణ అద్దాలు తనే తగిలించింది, చేతులకు తొడుగులు వేసింది, తనూ వేసుకుంది. డీలర్లను గోడ దాకా జరిపింది. "ఇంత హంగామా ఎందుకమ్మా?" అంటూనే ఆయన నీలం కోటు సర్దుకుని, నవ్వుతూ మూత తిప్పాడు.

బుస్సుమంటూ నురగ ఎగిసి గడ్డం నుంచి కోటు అంచు దాకా చిమ్మింది. చూస్తూ ఉండగానే నీలం కోటు మీద ఎర్రటి చారలు, ఆపైన తెల్లటి మచ్చలు తేలాయి.

"మరకలు పోతాయన్నారు, రంగే పోయిందేంటండీ!" అన్నాడొక డీలరు.

మూతలమ్మ ఇంకో సీసా మీది బంగారు బిళ్ళను ఊడబెరికింది. సుయ్‌మని గాలి పోయి, సీసా పక్కలు మెత్తబడ్డాయి. "లారీ ఆపమనండి," అంది తాపీగా.

"అంటే... ఆ చిల్లు గాలి పోవడానికా?" అనేశాడు బావ, గడ్డం తుడుచుకుంటూ.

"అదేంటండీ, కనిపెట్టింది మీరే కదా?"

అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నేను సంచిలో వేసుకుంటే గానీ నీ నోరు పెగల్లేదన్నమాట."

మూతలమ్మ చెయ్యి విడిపించుకుంది. "మూత ఎవరిదో చెప్పండి బావగారూ."

"మా మరదలిది," అన్నాడాయన నేల చూస్తూ.

"వెనకవాళ్ళకి వినబడలేదు."

"మా మరదలిదండీ!"

ఆ మాట చెవికి చల్లగా తగిలింది. ఇంకోసారి అనిపించుకోవాలనిపించింది. అనిపించుకుంది. అక్క ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, ఎవరితోనూ చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. సాయంత్రం పాప కోసం మూతలమ్మ ఆ అక్క గడపే తొక్కక తప్పదు.