కారు నాది, పాలసీ ఆయనది

శామీర్‌పేటలో ఆ కారు అమ్ముతున్న పెద్దాయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "లైసెన్సు తీసుకొని ఎన్నేండ్లాయె బిడ్డ?" అని. తొమ్మిదేళ్లు అన్నాను. అందులో ఎనిమిదేళ్లు అది నా హ్యాండ్‌బ్యాగులో విశ్రాంతి తీసుకుందన్న వివరం ఆయనకు అనవసరం అనిపించింది.

ఆయన ముప్పై ఏళ్లు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లలో ఒక్క యాక్సిడెంటు లేదు. ఈ సంగతి గేటు దగ్గర ఒకసారి, కారు దగ్గర ఒకసారి, ఆయన భార్య చాయ్ తెచ్చాక మరోసారి చెప్పారు. కంటి డాక్టరు ఇక డ్రైవింగ్ వద్దనడంతో కారు అమ్మేస్తున్నారు. నేను కారును పరీక్షించాలని వెళ్లాను. చివరికి ఆయనే పక్క సీట్లో కూర్చుని, చెరువు దాకా నా చేత నడిపించి నన్ను పరీక్షించారు. "గేరు గంత గట్టిగ గుంజకు. అది ఏడికీ పారిపోదు," అన్నారు. నేను పాసయ్యానో, ఇంకెవరూ కొనడానికి రాలేదో తెలియదు కానీ కారు నాకే ఇచ్చారు.

మాది భీమవరం వైపు. మేడ్చల్ దగ్గర కొత్త కాలనీలో ఉంటాం. సుచిత్రలో ఒక కాలేజీలో కామర్స్ చెబుతాను. సెకండ్‌హ్యాండ్ కారు కొంటున్నానని తెలిసి కాలనీ అంతా నన్ను చదివించింది. టైర్లు చూడమని ఒకరు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడమని ఒకరు, సీటు బెల్టు పూర్తిగా లాగి వరదనీళ్ల మరక ఉందేమో చూడమని ఒకరు. అన్నీ చూశాను. ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. "ఇంక ఎనిమిది నెలలున్నది బిడ్డ," అంటూ పెద్దాయన ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చారు. స్టెప్నీ, జాకీ వచ్చినట్టే అదీ కారుతో పాటు వచ్చిందనుకున్నాను. మా సిలబస్‌లో బీమా మీద ఒక పాఠం ఉంది. ఎవరి ఆస్తికి వాళ్లే బీమా చేయించుకోవాలన్నది అందులో మొదటి పేజీ. ఏటా ఎంతో బాగా చెబుతానని పిల్లలు అంటుంటారు.

ఆర్సీ నా పేరు మీదకు మార్చమని ఇద్దరం సంతకాలు పెట్టి దరఖాస్తు చేశాం. కార్డు వచ్చేదాకా చేయడానికి ఏమీ లేదని నేను హాయిగా తిరగసాగాను.

మూడు వారాలు గడిచాయి. ఒక ఆదివారం ఉదయం శామీర్‌పేట నుంచి మేడ్చల్ వచ్చే దారిలో బర్రెల మంద ఎదురైంది. చదువుకున్న మనిషిని కదా, పద్ధతిగా కారు పక్కకు తీసి ఆపాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. హారన్ కూడా కొట్టాను. ఒక బర్రె బెదిరి పక్కదాన్ని తోసింది. ఆ పక్కది వచ్చి నా కారుకు ఆనుకుంది. దాని దృష్టిలో అది ఆనుకోవడమే. ఎడమవైపు అద్దం విరిగి కింద పడింది, ముందు తలుపు పళ్లెంలా గుంటపడింది.

మందను తోలుకొస్తున్నామె ముందు బర్రె కాళ్లు చూసింది. తర్వాత దాని డొక్క నిమిరింది. ఆ తర్వాత నన్ను చూసింది.

"ఆగినవు కదమ్మ. మల్ల హారనెందుకు కొడ్తివి? బెదరయా?"

"పొరపాటైందండి."

"సూడి బర్రె అది. దానికేమన్న అయితె ఎవ్వలు జిమ్మేదారు?"

దానికేమీ కాలేదు. అప్పటికే అది రోడ్డు పక్కన గడ్డి వెతుక్కుంటోంది. నేను ఆమెకు, ఆమె ద్వారా బర్రెకు క్షమాపణ చెప్పుకుని, అద్దం ముక్కలు ఏరుకుని ఇంటికి వచ్చాను.

మర్నాడు పాలసీ కాగితం పట్టుకుని సుచిత్రలో ఇన్సూరెన్స్ ఏజెంటు దగ్గరికి వెళ్లాను. యాభై ఏళ్ల మనిషి. కళ్లజోడు నుదుటి మీదికి తోసి కాగితం చదివాడు.

"కారెవరిది మేడం?"

"నాదేనండి. మూడు వారాల కింద కొన్నాను."

"పాలసీల పేరు ఈ పెద్దాయనది ఉన్నది గద. మీకేమైతరు?"

"ఏమీ కారండి. కారు అమ్మారంతే."

"మరింకేంది. మీకు కారున్నది, పాలసీ లేదు. ఆయనకు పాలసీ ఉన్నది, కారు లేదు. కంపెనీ ఎవ్వలికియ్యాలె?"

కొన్న పద్నాలుగు రోజుల్లోపు పాలసీలో పేరు మార్పించుకోవాలట. అయితే ఇన్నాళ్లూ ఇన్సూరెన్స్ లేకుండా తిరిగానా అని అడిగాను.

"అట్లేం గాదు. మీరు ఎవ్వలనన్న గుద్దితె వాళ్లకు వర్తిస్తది. మీ బండికే వర్తించదు."

అంటే ఆ బర్రె కాలు విరిగి ఉంటే దాని తరఫున మాట్లాడటానికి ఒక దారి ఉండేది. ఆ ఉదయం ఆ రోడ్డు మీద నాకంటే దానికే ఎక్కువ రక్షణ ఉంది.

ఏజెంటు గొంతు తగ్గించాడు. "ఆర్సీ ఇంక ఆయన పేరు మీదనే ఉన్నది గద. ఆయనే నడిపిన్రని ఒక కాగితం రాసియ్యమనున్రి. నేను జూసుకుంట."

ఆ మాట వినగానే లేచి వచ్చేశానని రాయాలని ఉంది. "ఆయన ఒప్పుకుంటారంటారా?" అని అడిగాను.

ఆ సాయంత్రమే శామీర్‌పేట వెళ్లాను. పెద్దాయన నన్ను పలకరించక ముందే తలుపు దగ్గరికి వెళ్లి గుంటలో అరచేయి పెట్టారు. బర్రె సంగతి చెప్పాను. తర్వాత ఏజెంటు చెప్పిన ఉపాయం చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే బాగాలేదు. ఆయన గుంటలోంచి చేయి తీసేశారు.

"ముప్పై ఏండ్లు బస్సు నడిపిన. జాతరలప్పుడు టాపు మీద గూడ ఎక్కి కూసుండేటోళ్లు. ఒక్కని కాలు తొక్కలె. ఇగ ఇప్పుడు నేను బర్రెను గుద్దిన అని రాసియ్యాల్నా?"

"వద్దు బాబాయి గారూ. నేను అడగకుండా ఉండాల్సింది."

"అబద్ధం రాసుడు నాతోని గాదు బిడ్డ. నీ బర్రె నీ దగ్గర్నే ఉండనియ్యి."

లోపల నుంచి ఆయన భార్య అందుకుంది. "గట్ల రాసిస్తె, కండ్లు అగుపడక బర్రెకు గుద్దిండని ఊరంత అనరా? అసలే డాక్టరు మాట మీద నెల నుంచి అలిగి ఉన్నడు."

ఆయన ఆమెను విననట్టు నటించారు. నాకు సిగ్గేసింది. అయినా ఏదో బరువు దిగినట్టు కూడా ఉంది. తలుపు ఖర్చు నాదేనని ఆ క్షణంలోనే తేలిపోయింది.

పేరు మార్పిడికి ఆయన సంతకం కావాలంటే రెండో రోజు తనంతట తానే బస్సెక్కి సుచిత్ర వచ్చారు. భుజం మీద తువ్వాలు, ఇస్త్రీ చొక్కా. ఏజెంటు ఫారాలు తీసి ఇంకో విషయం చెప్పాడు. పెద్దాయన ఇన్నేళ్లలో ఒక్క క్లెయిమూ చేయలేదు కాబట్టి పాలసీలో తగ్గింపు ఉంది. ఆ తగ్గింపు కారుది కాదు, ఆయనది. నాకు రాదు.

"గట్లనే ఉండాలె," అన్నారు పెద్దాయన. సంతోషం దాచుకోవడానికి ఆయన చేసిన ప్రయత్నం ఏమంత ఫలించలేదు. ఇంకో కారు కొనరు, కొన్నా నడపలేరు. అయినా ఆ మాట కాగితం మీద రాసివ్వమని పట్టుబట్టి, రాయించుకుని, మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఏజెంటు ఫోను పట్టుకుని కారు చుట్టూ వీడియో తీశాడు. "ఎడమ తలుపు, పాత దెబ్బ," అని ఫోనుకు వినిపించేలా అన్నాడు. వారం తిరగని నా బర్రె అప్పుడే చరిత్రలో చేరిపోయింది. ఛాసిస్ నంబరు దగ్గర పని ఆగింది. బానెట్ కింద ఉన్న ఆ నంబరు నూనె మరకలో కనిపించడం లేదు. ఏజెంటు వంగి అవస్థ పడుతుంటే, పెద్దాయన కదలకుండా నిలబడి ఆ అక్షరాలూ అంకెలూ వరసగా అప్పజెప్పారు. మొత్తం పదిహేడు. తువ్వాలుతో మరక తుడిచి చూస్తే ఒక్కటీ తప్పలేదు. ఏజెంటు కళ్లజోడు సర్దుకుని ఆయన వైపు చూశాడు. నేను బానెట్ వైపే చూస్తూ ఉండిపోయాను. ఎందుకో ఆయన ముఖంలోకి చూడాలనిపించలేదు.

అక్కణ్నుంచి సూరారంలో డెంటింగ్ షాపుకు పక్క సీట్లోంచి దారి చెబుతూ ఆయనే తీసుకెళ్లారు. స్టూలు వేయించుకుని కూర్చుని, మేస్త్రీ కొట్టే ప్రతి సుత్తి దెబ్బకూ సలహా ఇచ్చారు. సాయంత్రానికి తలుపు గుంట పోయింది, కొత్త అద్దమూ పడింది. రంగు మాత్రం కాస్త తేడాగానే ఉంది. వారం ఎండలో పెడితే కలిసిపోతుందన్నాడు మేస్త్రీ. ఇప్పటికీ కలవలేదు.

ఆయన్ను ఇంటి దగ్గర దించడానికి బయల్దేరాను. మచ్చ బొల్లారం దాటేసరికి మాటలు ఆగాయి. చూస్తే, తల పక్కకు వాల్చి నిద్రపోతున్నారు. ముప్పై ఏళ్లు జనాన్ని మోసిన డ్రైవరు నేను నడుపుతుంటే నిద్రపోయారు. శామీర్‌పేట దాకా నలభై దాటకుండా నడిపాను. వెనక బండ్లవాళ్లు నన్ను ఏమేం తిట్టుకున్నారో దేవుడికెరుక.

గేటు దగ్గర ఆయన భార్యకు ఆ సంగతి కొంచెం గర్వంగానే చెప్పాను.

"బీపీ గోలి మార్చిన్రమ్మ. యాడ కూసుంటె ఆడ్నే పండుకుంటున్నడు," అంది.