కంకణం కట్టించుకున్న కంప్యూటర్

ఆ రోజుల్లో అచ్చులో పడిన మాట మీద నాకు ఎంత నమ్మకమంటే, వాన రాదని పుస్తకంలో ఉంటే గొడుగు ఇంట్లో వదిలి తడుస్తూ వెళ్లేవాణ్ణి. బడి చదువు ఇంటర్‌తో ఆగింది. మిగిలిన చదువంతా నారాయణపేట గ్రంథాలయంలో కిటికీ పక్క బెంచీ మీద సాగింది. తేనెటీగలు, మూలికలు, నక్షత్రాలు, ఏది చేతికి దొరికితే అది చదివాను. మా వీధిలో నన్ను ‘లైబ్రరీ’ అని పిలిచేవారు. (అది వెక్కిరింపని చాలా కాలం తెలియలేదు. బిరుదనుకున్నాను.)

తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఇంటికి ఒక పాత కంప్యూటర్ వచ్చింది. మాది మగ్గం ఇల్లు. బాపు నేస్తాడు, అవ్వ కండెలు చుడుతుంది, అక్క చీరల అంచులకు కొత్త నమూనాలు గీస్తుంది. గళ్ల కాగితం మీద గీసి, చెరిపి, చెరిపినచోట కాగితం చిరిగి అక్క విసిగిపోవడం చూసి బాపు దాన్ని ఎవరి దగ్గరో పాతదిగా కొనుక్కొచ్చాడు. తెర మీద ఒక్కో గడి ఒక్కో పోగు. ఎండాకాలమంతా అక్క ఆ తెర ముందు కూర్చుని గోపురాల అంచులు, చిలకల అంచులు గీసింది. దసరా పోయాక సోమవారం నాడు నేత సంఘం వాళ్లు వచ్చి చూస్తామన్నారు. వాళ్లకు నచ్చితే ఆ ఏడాది మా మగ్గం మీదే కాదు, వీధిలో చాలా మగ్గాల మీద అక్క గీసిన అంచులే పడతాయి. ఆ అంచులన్నీ ఆ కంప్యూటర్ పెట్టెలోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు.

దసరాకు పనిముట్లను పూజించి, పసుపు కొమ్ము ముడివేసిన దారంతో కంకణం కట్టడం మా ఇంటి పద్ధతి. అమావాస్య దాటేదాకా దాన్ని విప్పరు. మగ్గానికి, నాడెకు, రాట్నానికి కట్టాక అవ్వ కంప్యూటర్ ముందు ఆగింది. ఇదీ పని చేసేదే కదా, దీని చెయ్యి ఏదిరా అని నన్నడిగింది. నేను ఒక్క క్షణం కూడా తడుముకోకుండా కీబోర్డు చూపించి, మనిషి మాట పెట్టెకు చేరేది దీని ద్వారానే అని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. అవ్వ ఉపన్యాసం అయ్యేదాకా ఆగి, కీబోర్డు చుట్టూ దారం తిప్పి గట్టిగా ముడేసి, బొట్టు పెట్టింది.

పండక్కి చుట్టాల ఇంటికి పోయి వచ్చాక అక్క కంప్యూటర్ స్విచ్ నొక్కింది. లోపలి పంకా తిరిగింది, తెర వెలిగింది, తయారుచేసిన కంపెనీ బొమ్మ వచ్చింది. అంతే, అక్కడే నిలబడిపోయింది. లోపల నుంచి ఏదో కీచుమంటోంది. ఆపి మళ్లీ వేసినా అదే బొమ్మ, అదే కీచు. బస్టాండు దగ్గర రిపేరు చేసే అన్న వచ్చి చూసి, ఫార్మాట్ కొట్టాలన్నాడు. కొడితే అంచులు ఉంటాయా అని అక్క అడిగింది. కొత్త పలక లెక్క అయితదన్నాడు ఆయన. శనివారం సాయంత్రం సీడీ తెచ్చుకుని వస్తానని వెళ్లిపోయాడు.

అక్క ఏడవలేదు. నా వైపు తిరిగి, “తమ్మీ, గవి పోతే మల్ల గియ్య నాతోని కాదు. నీ బుక్కులల్ల ఏమన్న ఉంటే జర సూడు,” అన్నది. నా పుస్తకాలను ఎవరైనా పనికి పిలవడం అదే మొదటిసారి. ఆ పెట్టె నా చేతుల్లోనే లేవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

గ్రంథాలయంలో కంప్యూటర్ మీద తెలుగులో ఉన్నది ఒకే ఒక్క లావుపాటి పుస్తకం. అందులో ‘మరమ్మతులు’ అనే అధ్యాయం తీసి, చెప్పినవన్నీ చేశాను. పెట్టె మూత విప్పి, మగ్గం గదిలోని నూలు దూది ఇన్నాళ్లుగా లోపల కట్టుకున్న గూడును దువ్వెనతో తీశాను. (దువ్వెన అక్కది. ఆ గొడవ వేరే.) మెమరీ ముక్క బయటికి లాగి, బడి పిల్లల రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. బొమ్మ, కీచు. బయట తగిలించినవన్నీ తీసేసి చూడమంది పుస్తకం. మౌస్ పీకాను, స్పీకర్లు పీకాను. కీబోర్డు మీద చెయ్యి వేయగానే అవ్వ అడ్డం వచ్చింది. కంకణం కట్టుకున్న పెండ్లికొడుకును ఊరి పొలిమేర దాటనిస్తారా, దీన్ని పెట్టె నుంచి ఎట్లా విడదీస్తావంది. నేను పెద్దగా వాదించలేదు. కీబోర్డు పని వినిపించడమే కదా, వినిపించేది వినేదాన్ని ఎలా ఆపుతుంది అని నాకు నేనే సిద్ధాంతం చెప్పుకున్నాను.

శనివారం పొద్దున బాపు, “నీ సదువు బంద్ చెయ్యిరా. రిపేరు ఆయినె వచ్చి ఆయినె పని చేసుకుంటడు,” అన్నాడు. నేను మళ్లీ గ్రంథాలయానికి నడిచాను. మరమ్మతుల అధ్యాయం అప్పటికి కంఠతా వచ్చేసింది. ఇక చేసేది లేక పుస్తకం మొదటి పేజీ నుంచి పట్టాను. తొలి అధ్యాయాలను అంతకుముందు తిప్పి కూడా చూడలేదు. ‘కొత్తగా నేర్చుకునేవారికి’ అని ఉంటే, అది నాకు కాదనుకున్నాను. కీబోర్డు పాఠం చివర, చిన్న అక్షరాల్లో ఉంది: ఏదైనా మీట నొక్కుకుపోయి ఉంటే కంప్యూటర్ ఆరంభంలోనే ఆగిపోవచ్చు.

పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చాను. పై వరుసలో మూల మీట మీద, దారం బిగువుకు దిగబడి, పసుపు కొమ్ము దొరలాగా కూర్చుని ఉంది. ఇన్ని రోజులూ దాని పక్క మీటలే నొక్కుతూ, దాన్ని చూస్తూ, దండం పెట్టుకుంటూ పనిచేశాను.

“అవ్వా, కంకణం విప్పాలె,” అన్నాను.

“అమాస దాటినంక.”

“అప్పటిదాంక అక్క అంచులు ఉండయే.”

అవ్వ కండె పక్కన పెట్టి లేచొచ్చింది. నేను మీట కథంతా వివరించాను. విని, కొమ్మును కాసేపు చూసి, “విప్పొద్దన్న గని, జరుపొద్దన్ననారా?” అన్నది. తనే రెండు వేళ్లతో దారాన్ని పట్టి, కొమ్మును కీబోర్డు అంచు కిందికి లాగింది. మీట టప్పున పైకి లేచింది. అక్క పెట్టెకు ప్రాణం పోసే మీట నొక్కి కళ్లు మూసుకుంది. బొమ్మ వచ్చింది, పోయింది. గోపురాలు, చిలకలు అన్నీ ఉన్నాయి. సాయంత్రం రిపేరు అన్న వచ్చేసరికి అక్క వాటిని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కిస్తోంది. ఆయన చాయ్ తాగి, సీడీ సంచీలోనే ఉంచుకుని వెళ్లిపోయాడు. సోమవారం వచ్చిన సంఘం వాళ్లు గోపురం అంచు తీసుకున్నారు.

మీట వల్ల ఆగిందని నేను వీధంతా తిరిగి చెప్పాను. అవ్వ ఏమీ చెప్పలేదు. అయినా కంకణం జరిపితే పెట్టె లేచిందన్న మాటే ఊళ్లో నిలిచింది. ఆ తర్వాత ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించినా అవ్వను పిలవడానికే వచ్చేవారు. ఆమెకు కుర్చీ వేసి చాయ్ ఇచ్చేవారు. ఆమె దారం కడుతుండగా నేను బల్ల కిందికి దూరి వదులైన వైర్లు బిగించేవాణ్ణి. పెట్టె లేవగానే అందరూ కుర్చీ వైపు తిరిగేవారు. వచ్చేటప్పుడు దారి పొడవునా నేను ఉడుక్కుంటూ, అసలు కారణం ఏమిటో ఆమెకు పుస్తకం మాటల్లో వివరిస్తూ నడిచేవాణ్ణి. ఆమె ఊ కొట్టేది.

ఇప్పుడు అవ్వ లేదు. అందరి చేతుల్లోకీ స్మార్ట్ ఫోన్లు వచ్చాక నన్నూ ఎవరూ పిలవరు. బల్ల కింద దుమ్ములో కూర్చుని, నా మాట ఎవరూ వినడం లేదని అలిగిన ఆ లైబ్రరీని తలచుకుంటే నవ్వొస్తుంది. అన్ని ఇళ్లలో, అన్ని కీబోర్డులకు, అవ్వ పసుపు కొమ్మును మీటలకు దూరంగా, అంచు కిందే కట్టేది. అది ఆ రోజుల్లో నేను గమనించనే లేదు.