క్రాబ్‌ట్రీ గుర్రమెక్కిన రోజు

ఒక ఏప్రిల్ ఉదయం వైట్‌హాల్‌లో, రాచ కాపలాదళం గుర్రం పక్కన నిలబడి ఫోటో దిగుతున్న పెళ్ళికూతురి చేతిలోని పూలగుత్తిని ఆ గుర్రం సగందాకా తిన్నది. ముందు తెల్ల గులాబీలు తిన్నది, తరవాత ఆకులు తిన్నది. రిబ్బను దానికి నచ్చలేదు. పెళ్ళికొడుకు ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. గుర్రం మీది జవాను నియమం ప్రకారం ఎదుటి మేడ కిటికీనే చూస్తూ ఉండిపోయాడు. కమాను కింద నేలమీద కాపలా ఉన్న నెవిల్ క్రాబ్‌ట్రీ మాత్రం నవ్వాడు.

నవ్వడమంటే పెదవి కదలడం కాదు. కత్తి, కవచం, శిరస్త్రాణం అన్నీ కలిసి గిన్నెల అలమర కూలినట్టు మోగాయి. కార్పొరల్ పరుగున వచ్చాడు.

“ఏం క్రాబ్‌ట్రీ, కడుపునొప్పా?”

“కాదండీ. రిబ్బను వదిలేసిందండీ.”

ఆ నిజాయితీకి మెచ్చి వారం రోజులు లాయంలో పేడ ఎత్తించారు.

నెవిల్ ఉత్తరాది ఓల్డమ్ ఊరివాడు. దళంలో ఇద్దరం ఒకేసారి చేరాం, మా మంచాలు పక్కపక్కనే. నేను గుర్రమెక్కి, గుర్రంతో సహా పట్టే రాతిగూట్లో కూర్చుంటుంటే అతను మాత్రం ఎప్పుడూ కాళ్ళమీద కాపలాయే. మా దగ్గర పద్ధతి అది. పొద్దున బయలుదేరే ముందు ఆఫీసరు వరసలో నిలబెట్టి చూస్తాడు. ఎవరు తళతళలాడితే వాళ్ళకు రోడ్డు పక్కనున్న రెండు గూళ్ళూ వంతులవారీగా దక్కుతాయి. మాసినవాళ్ళకు నేల దక్కుతుంది.

నెవిల్‌ని చెడగొట్టింది నవ్వు కాదు, టీ. తొడలదాకా వచ్చే మా బూట్లకు తేనెమైనం కరిగించి పూస్తాం. దానిమీద పాలిష్, ఉమ్మి కలిపి వేలితో రుద్దీ రుద్దీ అద్దం చేస్తాం. తొడుక్కున్నాక తనిఖీ అయ్యేదాకా కూర్చోకూడదు. మోకాలు వంగిందా, మైనం ఎండిన చెరువులా నెర్రెలిస్తుంది. నెవిల్ చేతికి టీ కప్పు వస్తే కూర్చోకుండా ఉండలేడు. “నిలబడి టీ తాగడానికి నేనేమన్నా దొంగనట్రా?” అనేవాడు. ఆఫీసరు రోజూ అతని మోకాళ్ళ దగ్గర ఆగి నిట్టూర్చేవాడు.

ఈ సంగతి ఓల్డమ్‌లో ఎవరికీ తెలియదు. తాను పెళ్ళాడబోయే హేజెల్‌తో రోజూ గుర్రం మీదే ఉంటానని చెప్పుకున్నాడు. హేజెల్ నమ్మింది. హేజెల్ తల్లి మిసెస్ గ్రిమ్‌షా నమ్మలేదు. ఆవిడది మాంసం కొట్టు. తూకం వెయ్యనిదే దేన్నీ నమ్మే అలవాటు లేదు. నెవిల్ వాళ్ళింటికి రెండుసార్లు టీకి వెళ్ళాడు. రెండుసార్లూ భయంతో ప్లేటులోంచి తలెత్తలేదు కాబట్టి ఆవిడకు అతని నడినెత్తి తప్ప మరేదీ సరిగా తెలియదు.

ఒక రోజు హేజెల్ ఫోన్ చేసింది. నెవిల్ మొహం సున్నం కొట్టినట్టయింది.

“ఒరేయ్ డెనిస్, గురువారం అత్తగారు వస్తోందిరా. మాంసం కొట్లవాళ్ళ ఆడంగుల బస్సులో. గుర్రం మీద కనిపిస్తే జూన్‌లో పెళ్ళట. నేలమీద కనిపిస్తే పోస్టాఫీసు కుర్రాడే నయమట.”

“పోస్టాఫీసు కుర్రాడు ఎలా ఉంటాడు?”

“నిటారుగా ఉంటాడు.”

గురువారం తెల్లారగానే అతన్ని గోడకు చేరేసి నిలబెట్టాం. టీ నేనే తాగించాను. బేకన్ రొట్టె ఒకడు నోట్లో పెట్టాడు, ముక్కు దురదపెడితే ఇంకొకడు గోకాడు. బల్ల వైపు ఆశగా చూసినప్పుడల్లా “జూన్, నెవిల్, జూన్,” అని అందరం కలిసి అన్నాం. ఆఫీసరు వచ్చాడు, అలవాటుగా మోకాళ్ళ దగ్గర ఆగాడు, నిట్టూర్చబోయి ఆపుకున్నాడు. నెవిల్‌కు గూడు దొరికింది. రెండో గూట్లో నేను.

ఆడంగుల బస్సు ఆగింది. ముందు మిసెస్ గ్రిమ్‌షా దిగింది, వెనక మిగతావాళ్ళు. ఆవిడ రెండు గూళ్ళనూ దుకాణంలో మాంసం ఎంచినట్టు ఎగాదిగా చూసి, తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

“ఇదిగోనే, మా కాబోయే అల్లుడు. ఆ ముక్కు చూస్తే తెలీడంలా?”

నాది ఓల్డమ్ ముక్కు కాదు, దేశానికి అవతలి కొసనున్న కార్న్‌వాల్ ముక్కు. కానీ శిరస్త్రాణం కళ్ళదాకా, గొలుసు పెదవి కిందదాకా ఉంటే కన్నతల్లయినా పోల్చుకోలేదు. ఇక నోరు విప్పడం నిషేధం.

“ఏం నాయనా, పేడ ఎత్తేవాడివనుకున్నాను. మనసులో పెట్టుకోకు,” అంది నాతో.

“పలకడేమే?” అంది పక్కావిడ.

“మర్యాద తెలిసినవాడే. పెద్దవాళ్ళ ముందు నోరెత్తడు. మా ఆయన్ని చూస్తున్నావుగా, ముప్ఫై ఏళ్ళుగా నోరు మూయడు.” ఆవిడ సంచిలోంచి మాంసం కూరిన ‘పై’ రొట్టె తీసి నా బూటు లోపలికి దోపింది. “సగమైపోయావు. తిను.”

నేను నెవిల్‌కు ఒకటిన్నర రెట్లుంటాను.

తరవాత అందరూ నా చుట్టూ చేరి ఫోటో దిగాలన్నారు. తీసేవాళ్ళు కావాలి. మిసెస్ గ్రిమ్‌షా కెమెరా పట్టుకుని అవతలి గూటికి వెళ్ళి నెవిల్ వైపు చాపింది.

“అబ్బాయ్, ఊరికే కూర్చున్నావుగా. ఒక్క ఫోటో తియ్యి.”

నెవిల్ ఎదుటి కిటికీ వైపే చూస్తున్నాడు.

“నిన్నే. చెవుడా?”

తల తిప్పకూడదు గానీ కళ్ళు తిప్పొచ్చు. నేను తిప్పాను. నెవిల్ గుర్రం వెనక కాళ్ళు దూరంగా చాపి, నడుము కొంచెం దించింది. ఆ భంగిమకు అర్థం గుర్రాలతో బతికేవాళ్ళకు తెలుసు. నెవిల్ జీను మీంచి కొద్దిగా లేచాడు. అలాంటప్పుడు జనాన్ని ఒక్క కేకతో హెచ్చరించే హక్కు మాకుంది. కాబోయే అత్తగారి మీద ఆ హక్కు వాడుకోవడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

“గుర్రానికి దూరం జరగండి,” అని గర్జించాడు.

“ఎవర్నిరా గద్దిస్తున్నావు? ఎద్దుల్ని ఒంటిచేత్తో కొక్కేనికి తగిలించేదాన్ని. నీ గుర్రానికి జడుస్తానా?” ఆవిడ ఒక అడుగు ముందుకు వేసి నిలబడింది.

గుర్రం తొందరపడలేదు. పొద్దుటినుంచీ ఆపుకున్నదంతా నిదానంగా, ధారగా వదిలింది. ఈ ప్రయాణం కోసమే కొన్న మిసెస్ గ్రిమ్‌షా లేతరంగు బూట్లు మొదట మచ్చలుగా, తరవాత ఒకే రంగుగా మారాయి. జపాను నుంచి వచ్చిన కుటుంబం ఒకటి మర్యాదగా చప్పట్లు కొట్టింది.

మా వంతు ముగిసి లోపలికి పోగానే నా బూటులోని పై రొట్టె తీసి నెవిల్‌కు ఇచ్చాను. అతను నిచ్చింతగా కూలబడి సగం తిన్నాడో లేదో, పక్క గేటు దగ్గర ఎవరో పెద్దావిడ క్రాబ్‌ట్రీని పిలుస్తోందని కబురు వచ్చింది. శిరస్త్రాణం చంకలో పెట్టుకుని వెళ్ళాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను. వినాలని కాదు. అక్కడ గాలి బాగుంటుంది.

నెవిల్ భయంతో తల వంచాడు. ఆ నడినెత్తి చూడగానే మిసెస్ గ్రిమ్‌షా మొహం వికసించింది.

“వచ్చావా అల్లుడూ. కళ్ళారా చూశాను. రాయిలా కూర్చున్నావు నాయనా. జూన్‌కి చర్చి మాట్లాడమని హేజెల్‌తో చెప్తాను.”

“మీ దయండీ.”

“పై రొట్టె తిన్నావా?”

“సగం తిన్నానండీ.”

“నీ సంగతి సరే, అవతలి గూట్లో వాడెవడు? చూడు నా బూట్లు. ఫోటో తియ్యమంటే చెవిటివాడిలా ఊరుకున్నాడు, ఆనక మీద పడి అరిచాడు, చివరికి గుర్రంతో ఈ పని చేయించాడు. నీలాంటివాళ్ళ పక్కన అలాంటి మొద్దును ఎలా కూర్చోబెడతారయ్యా?”

నెవిల్ ఆ బూట్లకేసి కాసేపు గౌరవంగా చూశాడు.

“వాడు గూట్లో కూర్చోవడం ఇవాళే మొదటిసారండీ, అత్తగారూ.”