గోళ్ల రంగు చుక్కలు

"దిగుడు రోడ్డులో స్టీరింగ్ మాట వినకపోతే? వెనక సీట్లో పాప ఉంటుంది కదా!"

వారంలో ఆమె ఈ మాట అనడం పదోసారి. భర్త పాపకి చొక్కా తొడుగుతూ, "అందుకేగా బండిని కమాన్ల బాబాయ్ దగ్గర పెట్టాం," అన్నాడు.

"మరి ఆయన మీద కాపలా ఎవరు?"

ఆమె కెమిస్టు. ఊరూరా తిరిగి బావుల నీళ్లు పరీక్షించడం ఆమె పని. చిన్న ప్రయోగశాలని చక్రాల మీద కట్టించి, తమ పికప్ బండి వెనక తగిలించుకున్నారు. అతను నడుపుతాడు, ఆమె పరీక్షలు చేస్తుంది, పది నెలల పాప వెనక సీట్లో కూర్చుని ఇద్దరినీ పరీక్షిస్తుంది. మొదటి ప్రయాణంలోనే ఆ ట్రైలర్ బరువుకి పికప్ వెనక భాగం కుంగిపోయి, ముక్కు పైకి లేచింది. ముందు చక్రాలు నేలని గట్టిగా పట్టక, స్టీరింగ్ తిప్పితే బండి కాసేపు ఆలోచించుకుని తిరిగేది. పాప హాయిగా నిద్రపోయింది. తల్లికి మాత్రం అప్పట్నుంచి కంటి మీద కునుకు లేదు. సోమవారం నుంచి కొండ ఊళ్ల పని. ఆ మలుపుల్లో ఇదే బండి, ఇదే పాప.

కమాన్ల బాబాయ్ అరవై దాటిన మెకానిక్. ఇరుసు మీద బరువు మోసే కమాన్ పట్టీలు కట్టి, విప్పి, మళ్లీ కట్టి నలభై ఏళ్లు గడిపాడు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. సుత్తి మోతల్లో ఎడమ చెవి సగం పోయింది. అడిగినదానికి జవాబు రాకపోతే వినపడలేదో, చెప్పడం ఇష్టం లేదో ఎవరికీ తెలీదు. ఆమెకి మొదటి అనుమానం అక్కడే పుట్టింది.

రెండోది, ఆయన వెంటనే రెంచీ పట్టలేదు. "ప్రయాణానికి ఎలా సర్దుకుంటారో అలా సర్దుకుని రండి. సీసాలు, నీళ్లు, పాప బట్టల సంచీతో సహా," అన్నాడు. తీసుకెళ్తే, ముడులు వేసిన దారంతో చక్రానికీ పైనున్న రేకుకీ మధ్య ఖాళీ కొలిచి, దారం జేబులో వేసుకున్నాడు. ఆమె లెక్కకట్టి తెచ్చిన బరువుల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మంచినీళ్ల గ్లాసు కింద పెట్టాడు.

మూడోది, "పని అయ్యాక బరువుతో వంద కిలోమీటర్లు తిరిగి మళ్లీ రావాలి," అన్నాడు.

"ఒక్కసారికే సరిగ్గా బిగించొచ్చుగా బాబాయ్?"

ఆయన ఇంకో బండి కిందికి దూరాడు. ఎడమ చెవి.

"నీకు పాలల్లోనూ విషం కనిపిస్తుంది," అన్నాడు భర్త.

"పరీక్షిస్తే కనిపిస్తుంది మరి. నా ఉద్యోగమే అది."

అందుకే సామాన్లు ఆయన్ని కొననివ్వలేదు. అదనపు కమాన్ పట్టీలు, వాటిని ఇరుసుకి కట్టే యూ బోల్టులు, గట్టి షాక్ అబ్జార్బర్లు, ముందు చక్రాలని స్టీరింగ్‌తో కలిపే టైరాడ్ ఎండ్లు, అన్నీ తనే కొంది. ఇచ్చే ముందు ఒక్కోదాని మూలన ఎర్రటి గోళ్ల రంగు చుక్క పెట్టింది. పదమూడు వస్తువులు, పదమూడు చుక్కలు. ఈ సంగతి భర్తకి కూడా చెప్పలేదు.

శనివారం పొద్దున్నే పాపని చంకనేసుకుని ఒక్కతే షెడ్డుకి వెళ్లింది. బాబాయ్ భార్య గుమ్మం దగ్గర బోల్టులు ఏరుతోంది. పాపని ఆమెకి అందించి, ఫోను లైటు వేసుకుని బండి కిందికి దూరింది. ప్రతి నట్టు మీదా ఎందుకో పసుపు రంగు గీత ఉంది. చుక్కలు లెక్కపెట్టింది. పన్నెండు. మళ్లీ లెక్కపెట్టింది. పన్నెండే. కుడి చక్రం దగ్గర టైరాడ్ ఎండు గ్రీజు పూసుకుని నల్లగా ఉంది. చుక్క లేదు. పాకుతూ బయటికొచ్చింది.

"ఏం పారేసుకున్నావ్ అమ్మాయ్, బండి కింద?" అంది బాబాయ్ భార్య.

"నేనిచ్చిన కొత్తది తీసేసి పాతది వేశారు పిన్నీ!"

పిన్ని లోపలికి కేకేసింది. "ఇదిగో, నిన్ను దొంగంటోంది ఈ పిల్ల. కుడి చెవితో విను!"

ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, సొరుగు లాగి, ఎర్ర చుక్క ఉన్న ముక్కని ఆమె చేతిలో పెట్టాడు. "కొన పట్టుకుని తిప్పు."

తిప్పింది. బిగువుగా తిరిగింది, తిరిగింది, ఒకచోట చటుక్కున వదులైంది, మళ్లీ బిగిసింది. ఇంకోసారి తిప్పింది. సరిగ్గా అదే చోట.

"కొత్తదే. లోపల గుండు సరిగ్గా కూర్చోలేదు, అంతే. అమ్మినవాడికీ తెలిసుండదు," అన్నాడు. "నా దగ్గరున్న కొత్తది వేశా. గ్రీజు అంటి పాతదానిలా ఉంది."

"ముందే చెప్పొచ్చుగా బాబాయ్?"

"చుక్కలు పెట్టుకున్నదానివి, నోటిమాట నమ్ముతావా? నువ్వే వచ్చి చూస్తావని దాచిపెట్టా."

గుమ్మడికాయల దొంగలా ఆమె భుజాలు తడుముకున్నంత పని చేసింది.

"అయినా అదేం కాపలా అమ్మాయ్?" అంటూ పిన్ని చేతివేళ్లు చాపింది. పది గోళ్లూ ఎర్రగా మెరిశాయి. "ఈయన మోసమే చేయాలనుకుంటే, చుక్క నేను పెట్టనూ?"

ఆమెకి నవ్వొచ్చింది కానీ అనుమానం చావలేదు. "మీరు వేసింది మంచిదని ఏంటి నమ్మకం?"

ఆయన మొహం మొదటిసారి విప్పారింది. జాకీతో చక్రం లేపి, "రెండు పక్కలా పట్టుకుని ఊపు. లోపల వదులుంటే చక్రం ఊగుతుంది," అన్నాడు. బలమంతా పెట్టి ఊపింది. చక్రం కదల్లేదు.

"మరి వంద కిలోమీటర్ల సంగతి?"

పిన్ని అందుకుంది. "పెళ్లయిన మూడో నెల. కొత్త కమాన్లు కట్టిన బండిలో నన్ను షికారు తిప్పాడు మహానుభావుడు. పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకుని, కట్టు వదులై, ఇరుసు పక్కకి జరిగింది. బండి గట్టుకి ఇవతల, నేను అవతల."

"గడ్డిలోనే పడింది," అన్నాడాయన.

"ముళ్లకంచె!"

అప్పట్నుంచి ఆయన ఏ బండినీ రెండోసారి చూడకుండా వదల్లేదు.

ఆదివారం భార్యాభర్తలు ట్రైలర్ తగిలించి వంద కిలోమీటర్లు తిరిగొచ్చారు. బండి సమంగా నిలబడింది, స్టీరింగ్ చెప్పినట్టు విన్నది. అయినా బాబాయ్ రెంచీ పెడితే యూ బోల్టు నట్లు ఒక్కోటీ పావు చుట్టు తిరిగాయి. ఆమె కళ్లారా చూసింది. పాత గీతలు తుడిచి, పసుపు రంగు సీసా ఆమె చేతికే ఇచ్చాడు. "నట్టు మీంచి బోల్టు మీదికి ఒకటే గీత గియ్యి. గీత విరిగిందంటే నట్టు తిరిగిందని లెక్క."

ఆమె గీస్తుంటే పక్కనే గొంతుక్కూర్చుని అన్నాడు: "అనుమానం ఉండాలమ్మా, తప్పులేదు. నా మీద నాకు నమ్మకం లేకే కదా ఈ గీతలు. కానీ పాపని ఎక్కించకముందే చూసుకో. ఎక్కించాక పిల్ల ఏడుస్తుంది, మీ ఆయన హారన్ కొడతాడు, నువ్వు 'బాగానే ఉండుంటాయిలే' అనుకుంటావు."

ఇప్పుడు ఏ ఊరికి బయలుదేరినా భర్త పాపని ఎత్తుకుని వాకిట్లోనే నిలబడతాడు. ఆమె బండి కిందికి దూరి ఒక్కో గీతా చూస్తుంది. బయటికొచ్చి, దుమ్ము దులుపుకుని, చేతులు చాపుతుంది. అప్పుడే పాప బండెక్కేది.